ఎల్డన్ బోనుల్లో పడ్డవి

ఇంకాసేపట్లో పిలుస్తారు, ఆ గాజు తలుపు తీసి ఎవరో ఒకరు పేరు చదువుతారు, అప్పుడు లేచి లోపలికి వెళ్ళి నిజం చెప్పాలి, లేదా చెప్పకుండా తిరిగి రావాలి. పొద్దున్నే రేవు వదిలి, మంచు కరిగి బురదైన రోడ్లన్నీ దాటి, కొండల వైపు కారు నడిపినంతసేపూ మార్లా ఈ రెండింటి మధ్యే ఊగుతూ వచ్చింది. ఇప్పుడు కాలేజీ ఆర్థిక సాయం ఆఫీసు వరండాలో మెత్తటి కుర్చీ అంచున కూర్చుని కూడా ఊగుతూనే ఉంది. ఏప్రిల్ వచ్చినా ఇక్కడ ఇంకా గదులు వేడి చేస్తున్నారు. కోటు విప్పితే స్వెటరు మోచేతి దగ్గర వేసిన అతుకు కనబడుతుంది, విప్పకపోతే చెమట. విప్పకుండానే కూర్చుంది. పక్క కుర్చీలో కూతురు కోరా కాళ్ళు చాపుకుని గోడ మీది ఫోటోలు చూస్తోంది. ఒక ఫోటోలో ఎవరో అమ్మాయి మోకాలి లోతు నీళ్ళలో నిలబడి గాజుగొట్టంలోకి సముద్రపు నీళ్ళు పడుతోంది, కోరా చూపు తిరిగి తిరిగి దాని దగ్గరికే వస్తోంది. "ఆ బూట్లు చూడమ్మా, ఆ బూట్లతో అలల్లోకి దిగితే నాన్న ఏమనేవాడో," అంది. "ఏమీ అనేవాడు కాదు, నువ్వు పడేదాకా చూసి తర్వాత నవ్వేవాడు," అంది మార్లా. ఇద్దరూ కొంచెం నవ్వారు. ఎదురుగా కూర్చున్న పెద్దమనిషి తలెత్తి చూశాడు, మెరిసే బూట్లూ మెడకి టైతో వచ్చిన ఆయన సాయం అడగడానికి వచ్చాడో ఇవ్వడానికి వచ్చాడో తెలియడం లేదు.

నవ్వు ఆగాక మళ్ళీ అదే. లోపల ఏమడుగుతారో ఆమెకి తెలుసు, ఫోనులో ఆ డెనీస్ అనే ఆవిడ ముందే చెప్పింది, మర్యాదగానే చెప్పింది. మీ అర్జీ చదివామండీ, మీ వారి సంగతి తెలిసి చాలా బాధపడ్డాం, కానీ మేం రెండేళ్ళ కిందటి పన్ను కాగితాలు చూసి సాయం లెక్క కడతాం, అందులో ఒక చిక్కుంది, ఒకసారి వచ్చి మాట్లాడితే బాగుంటుంది. ఆ చిక్కేమిటో మార్లా అడగలేదు. అడిగే పనేముంది. మార్లా భర్త ఎల్డన్ ఆ కాగితాల ఏడాదే సెప్టెంబరులో పోయాడు. ఆ ఏడాది అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలల్లో ఎల్డన్ పడవ అంతకుముందు ఏ ఏడూ సంపాదించనంత సంపాదించింది. కాలేజీ వాళ్ళు చూసింది అదే, అది చూసే కోరాకి రావలసిన సాయాన్ని పిడికెడుకి కుదించి, మిగతాదంతా ఇంటి నుంచి కట్టుకోమన్నారు. ఆ అంకె ఉన్న కాగితాన్ని కోరా వంటింటి బల్ల మీద పెట్టి చేత్తో సాపు చేస్తూ, మనమంత గొప్పవాళ్ళమని నాకెప్పుడూ చెప్పలేదేంటమ్మా అంది. వృద్ధాశ్రమం వంటగదిలో రోజంతా బంగాళాదుంపలు చెక్కి వచ్చిన మార్లా చేతులు ఆ కాగితం పక్కనే ఉన్నాయి, తీసి ఒళ్ళో పెట్టుకుంది. మే ఒకటి లోపల చెప్పాలి, వస్తామనో రామనో. చెప్పకపోతే కాలేజీలో ఆ సీటు ఇంకెవరిదో అయిపోతుంది.

ఆ మూడు నెలలు. ఆ మూడు నెలల్లో పొద్దున్నే లేవడమొక్కటే పని, లేచాక ఏం చెయ్యాలో తెలిసేది కాదు, కాఫీ రెండు కప్పుల్లో పోసి ఒకటి సింకులో పారబోసేది. లాబ్‌స్టర్లు పట్టే బోను తాడు కాలికి చుట్టుకుని బోనుతోపాటు లాక్కుపోయింది ఎల్డన్‌ని, అలా అన్నారు, చూసినవాళ్ళు లేరు. అదే రేవులో పడవ నడిపే పెద్దాయన మెర్టన్ ఆ సాయంత్రం తిరిగి వస్తూంటే ఎల్డన్ పడవ ఒక్కటే ఇంజను ఆడుతూ, మనిషి లేకుండా, ఒకే చోట గుండ్రంగా తిరుగుతూ కనబడిందట. కోరా జేన్ అని ఆ పడవకి కూతురి పేరే పెట్టాడు, రేవులో అందరి పడవలకీ పెళ్ళాం పేరో కూతురి పేరో ఉంటుంది, నా పేరెందుకు పెట్టలేదని ఒకప్పుడు అడిగితే, నీ పేరు పెడితే పడవ కూడా నా మాట వినదు అన్నాడు. ఆ పడవని మెర్టన్ తాడేసి లాక్కొచ్చాడు. ఎల్డన్ నాలుగో రోజున దొరికాడు. సమాధి చేసి వచ్చిన మర్నాడే రేవు మగవాళ్ళంతా జెట్టీ మీద ఐదు నిమిషాలు మాట్లాడుకున్నారు, మార్లాని అడగలేదు, అడిగే అలవాటు లేదు. ఎవరైనా పోతే నీళ్ళలో ఉన్న వాడి బోనులు ఆ కాలం అయ్యేదాకా మిగతావాళ్ళు వంతులవారీగా లాగి, పడ్డదంతా పోయినవాడి పేర జాలర్ల సంఘంలో తూకం వేయించి అమ్ముతారు, ఆమె పుట్టక ముందు నుంచీ అంతే, ఆమె తాతకీ అలాగే చేశారు. సముద్రం మీద ఇంకొకడి బోను ముట్టుకుంటే లైసెన్సు పోతుంది, అయినా ఆ రూల్సు చూసే సర్కారు వార్డెనే వచ్చి ఆ కుటుంబం కోసం అని చీటీ రాసిచ్చి వెళ్ళాడు. నారింజరంగు మీద తెల్ల పట్టీతో బోనుల పైన తేలే ఎల్డన్ బెండుల దగ్గర రోజుకో పడవ ఆగేది.

అప్పుడు కోరాకి పదహారు. తిండి మానేసింది. స్కూలుకి వెళ్ళేది, వచ్చేది, కంచం ముందు కూర్చునేది, అంతే. మెడ ఎముకలు బయటపడ్డాయి. నర్సు ఫోన్ చేసింది. అమ్మా నాకు మింగుడుపడటం లేదు, నేను తిననని కాదు అనేది. ఒక సాయంత్రం స్కూలు నుంచి నేరుగా ఇంటికి రాకుండా జెట్టీ మీదికి వెళ్ళిందట, మెర్టన్ లాబ్‌స్టర్ల పెట్టెలు దించుతున్నాడు. ఎవరివి అని అడిగిందట. మీ నాన్నవే అన్నాడట. ఇన్నా అంది. ఆయన టోపీ వెనక్కి నెట్టుకుని, "ఇన్నేళ్ళూ చెప్పాను వాడికి ఒడ్డు దగ్గర వెయ్యకురా అని, విన్నాడా. ఇప్పుడు చూడు, మమ్మల్నందర్నీ వెక్కిరిస్తున్నాడు," అన్నాడట. ఆ రాత్రి కోరా రెండు గిన్నెల చేపల సూపు తాగింది. తాగుతూ చెబుతూనే ఉంది, నాన్నకి తెలుసమ్మా, నవంబరులో ఒడ్డు దగ్గర అందరూ ఖాళీ బోనులు లాగుతుంటే నాన్నవి మాత్రం నిండుతున్నాయి, ఆఖరి శనివారం నన్ను తీసుకెళ్ళాడు చూడు, అప్పుడు వేసినవే. ఎక్కడ వేద్దామో నువ్వే చూపించు, నువ్వీమధ్య పుస్తకాలు చదువుతున్నావుగా అన్నాడు. రాతి గట్టుకి ఇవతల నల్లటి నీళ్ళు చూపించాను, సరే అని అక్కడే వదిలాడు. మార్లా గిన్నె మళ్ళీ నింపింది. రొట్టె కూడా విరిచి పక్కన పెట్టింది.

ఆమెకి తెలియకపోతే కదా. కోరా పుట్టకముందు ఐదేళ్ళు ఎల్డన్ పడవలో ఆమే సాయం, హెర్రింగ్ చేపల ఎర సంచుల్లో కూరి కూరి ఆ వాసన పెళ్ళి గౌనుకి కూడా పట్టిందని అత్తగారు అనేది. మర్నాడు తానూ జెట్టీకి వెళ్ళింది, పెట్టెలు చూసింది. పెంకు నల్లగా, బండలా గట్టిగా ఉంది, అవి దూరంగా లోతు నీళ్ళలో దొరికే లాబ్‌స్టర్లు. ఎల్డన్‌కి అంత తాడే లేదు, ఆ చిన్న పడవతో ఎప్పుడూ ఒడ్డు వారనే వేసేవాడు. చలి పడ్డాక ఒడ్డు దగ్గరివన్నీ లోతుకి నడిచి పోతాయి, రేవులో నడక నేర్చిన ప్రతి పిల్లకీ తెలుసు ఆ సంగతి. కోరాకీ తెలుసు, తెలుసు కాబట్టే అది ఆ పిల్లకి అద్భుతమైంది. మగవాళ్ళు తమ తమ పెట్టెల్లోంచి తీసి ఎల్డన్ పెట్టెల్లో పడేస్తున్నారు, పడవ మీద, ఎవరూ చూడని చోట, ఒకడు చేస్తున్నట్టు ఇంకొకడికి తెలుసో లేదో కూడా అనుమానమే. అందుకే అంత అయింది, ఒక్కడైనా ఆగి లెక్క చూసుకుంటే అంత అయ్యేది కాదు. మార్లా మెర్టన్ కేసి చూసింది. ఆయన తాడు చుట్టుకుంటున్నాడు. "ఏంటమ్మాయ్ అలా చూస్తావు, కొంటావా?" అన్నాడు. ఏం లేదంది. ఇంటికి వచ్చి వంట చేసింది. ఆ వారంలో పిల్ల బుగ్గల్లోకి రంగు వచ్చింది.

తర్వాత వసంతంలో పన్ను కాగితాలు రాసే ఆవిడ సంఘం ఇచ్చిన తూకం చీటీలన్నీ ముందేసుకుని, ఇదంతా పడవ ఆదాయమేనా అని అడిగింది. పక్కన కోరా కూర్చుని ఉంది, ఇలాగే కాళ్ళు చాపుకుని. అవును అంది మార్లా. అంత చిన్న మాట. చీటీల మీద ఎల్డన్ పేరే ఉంది, ఎల్డన్ పడవ నంబరే ఉంది, అందులో అబద్ధమేముంది అనుకుంది అప్పుడు. ఇప్పుడు ఆ అవును ఎక్కడెక్కడో తిరిగి ఈ గాజు తలుపు వెనక బల్ల మీద కూర్చుంది.

టై పెద్దమనిషిని పిలిచారు, ఆయన లేచి వెళ్ళాడు, తలుపు మూసుకుంది. తర్వాత మనమేనేమో అంది కోరా. ఒళ్ళో ఒక అట్ట ఫైలు ఉంది, అందులో తను రాసిన వ్యాసం నకలు, దరఖాస్తుతో పంపింది అదే. మా నాన్న ఆఖరిసారి వేసిన చోట నవంబరులో కూడా లాబ్‌స్టర్లు ఎందుకున్నాయి, అడుగున వేడి ప్రవాహం ఏదైనా ఉందా, నేలలో ఏమైనా ఉందా, అది తెలుసుకోవడానికే నాకు సముద్రాన్ని చదవాలని ఉంది. చేర్చుకుంటున్నామని వచ్చిన ఉత్తరం కింద ఎవరో ప్రొఫెసరు చేత్తో రెండు ముక్కలు రాశాడు, నీ ప్రశ్న నన్ను నిద్రపోనివ్వలేదు, వచ్చాక ఇద్దరం కలిసి వెతుకుదాం అని. ఆ ముక్కలు కోరా ఎంతమందికి చదివి వినిపించిందో. మెర్టన్‌కి కూడా వినిపించింది. ఆయన విని, చాలాసేపు గడ్డం గోక్కుని, "వాళ్ళకి పడవ ఉందా?" అని మాత్రం అడిగాడు.

పోయిన వారం మార్లా ఒక్కతే వెళ్ళింది మెర్టన్ దగ్గరికి. చలికాలం చినిగిన బోనుల వలలు షెడ్డులో కూర్చుని అల్లుకుంటున్నాడు. విషయం చెప్పింది, కాలేజీ వాళ్ళు ఇలా అంటున్నారు, అది మీరు పెట్టిందే అని ఒక్క ముక్క రాసిస్తే అది ఆదాయం కాదని వాళ్ళకి తెలుస్తుంది, సాయం పెరుగుతుంది. "మేమేం పెట్టాం?" అన్నాడు. "మెర్టన్." "ఎల్డన్ బోనులు, ఎల్డన్ తాడు, ఎల్డన్ బెండులు. మేం లాగాం, అంతే." "నేను నిన్న పుట్టలేదు మెర్టన్, ఆ పెంకులు నేను చూశాను." ఆయన అల్లే సూది ఆగింది. దాన్ని పక్కన పెట్టి అన్నాడు, "నా లాబ్‌స్టర్లు ఇంకొకడి పేర తూచానని నా చేత్తో రాసిస్తే నా లైసెన్సు ఏమవుతుందో నీకు తెలుసుగా అమ్మాయ్. నాదొక్కటే కాదు. అదీ వదిలెయ్. ఆ పిల్ల మొహం చూసి నేనిప్పుడు ఏమని చెప్పను?" మార్లా ఒక తిరగేసిన పెట్టె మీద కూర్చుంది. వెళ్ళేటప్పుడు అడిగింది, అసలు వాటిలో ఏమైనా పడ్డాయా అని. మెర్టన్ తలెత్తకుండానే చెప్పాడు, "మొదటి రోజు నేనే లాగాను. ఎర పెట్టింది పెట్టినట్టే ఉంది." అక్కడ వేశాడేంటా అనుకున్నానన్నాడు. పిచ్చివాడు కూడా అక్కడ వెయ్యడు, వాడికేమైంది అనుకున్నానన్నాడు. మార్లాకి తెలుసు వాడికేమైందో. కూతురు చూపించింది, అంతకన్నా ఏం కావాలి ఎల్డన్‌కి, ఆకాశంలో చూపించినా అక్కడే వదిలేవాడు.

అయితే చెప్పకుండా వెళ్ళిపోవచ్చు. కోరా రేవులోనే ఉంటుంది, ఫ్యాక్టరీలో చేపలు కోస్తుంది, లేదా ఆ ప్లాస్టిక్ కప్పి పెరట్లో నిలబెట్టిన పడవని నీళ్ళలోకి దింపుతుంది, అమ్మేద్దామంటే వద్దని ఏడ్చి ఆపింది మరి. దింపి నేరుగా రాతి గట్టు ఇవతల నల్ల నీళ్ళకి వెళ్ళి బోను వేస్తుంది. మొదటి నవంబరుకే తెలిసిపోతుంది. ఒక్కతే, పడవ మీద, ఖాళీ బోను చేత్తో పట్టుకుని ఉన్నప్పుడు తెలుస్తుంది. మార్లా కళ్ళు మూసుకుంది. ఎల్డన్, నువ్వైతే ఏం చేసేవాడివి. ఎల్డన్ ఏమీ అనడు, బతికున్నప్పుడూ ఇలాంటివన్నీ ఆమెకే వదిలి బయటికి వెళ్ళి ఇంజను కింద దూరేవాడు.

తలుపు తెరుచుకుంది, మార్లా పేరు చదివారు. "నువ్విక్కడే కూర్చోకూడదూ," అంది మార్లా. "నా చదువు గురించి కదమ్మా, నేను మాట్లాడతాను, నువ్వు తడబడతావు," అంటూ కోరా ముందే లేచి నడిచింది, తండ్రి నడకే, కొంచెం పక్కకి ఒరుగుతూ, కింద నేల కదులుతున్నట్టు.

డెనీస్‌కి మార్లా వయసే ఉంటుంది, బల్ల మీద పుదీనా బిళ్ళల గిన్నె, పిల్లల ఫోటో. కోరా వ్యాసం తనకి చాలా నచ్చిందంది. తర్వాత కాగితాలు తిప్పి, మాటలు వెతుక్కుంటూ, "మీరు తప్పుగా అనుకోకండి. ఆయన పోయాకే ఎక్కువ సంపాదించిన వ్యాపారం, ఆయన పోవడం వల్ల ఆగిపోయిందని నేను కమిటీకి ఎలా చెప్పను? పడవ ఉంది, బోనులున్నాయి. మనుషుల్ని పెట్టి నడిపారు, మళ్ళీ నడపగలరు అంటారు వాళ్ళు," అంది. కోరా ముందుకి వంగింది. "అది మనుషుల వల్ల కాదండీ. నాన్న వేసిన చోటు అలాంటిది. బోనులు ఒకసారి పైకి తీశాక మళ్ళీ అంత సరిగ్గా ఎవరూ వెయ్యలేరు. నేను చెబుతానుగా, ఆ వారం నీళ్ళ అడుగున ..." డెనీస్ ఓపిగ్గా వింటోంది, తల ఊపుతోంది, ఆ తల ఊపడం ఏమిటో మార్లాకి అర్థమైంది, వృద్ధాశ్రమంలో డాక్టరు అలాగే ఊపుతాడు. పిల్ల ఎంత బాగా చెబితే అంత మునిగిపోతోంది. చోటు అంత గొప్పదైతే వ్యాపారం అంత గొప్పదన్నమాటేగా. కోరా గొంతు వేగం పెరుగుతోంది, చెంపలు ఎర్రబడ్డాయి, చేతులతో గాలిలో రాతి గట్టు గీస్తోంది, ఇదిగో ఇక్కడ గట్టు, ఇక్కడ లోయ, నాన్న ఇక్కడ వదిలాడు, ఈ వేలు కొసన, మార్లా ఆ వేలి కొసని చూసింది, చిన్నప్పుడు ఆ వేలు పట్టుకునే జెట్టీ దాటించేది.

"అవి ఆయనవి కావు," అంది మార్లా.

ఇద్దరూ ఆగారు. మాట మొదలెట్టాక ఇక ఆగలేదు, బల్ల అంచు చూస్తూ చెప్పేసింది, అవి మా రేవు వాళ్ళవి, తమ పెట్టెల్లోంచి తీసి మా ఆయన పేర తూచారు, అది సంపాదన కాదు, పెట్టుబడి లేదు, నడపడం లేదు, మాకు పెట్టారు, అంతే. పేర్లు మాత్రం అడగొద్దు. డెనీస్ కలం కింద పెట్టింది. పేర్లు అక్కర్లేదంది, మీరొక్కరూ రాసి సంతకం చేస్తే చాలు, దానంగా వచ్చిందని చూపిస్తే ఆ మూడు నెలలూ లెక్కలోంచి తీసేస్తారు, అప్పుడు దాదాపు అంతా వస్తుంది, నేనే దగ్గరుండి చూస్తాను అంది. కాగితం ముందుకి జరిపింది. మార్లా రాసింది. రాస్తున్నంతసేపూ పక్కన కోరా ఆ అక్షరాలు ఒక్కొక్కటే చదువుతూ కూర్చుంది. నకలు తీసుకొస్తానని డెనీస్ లేచి బయటికి వెళ్ళింది, వెళుతూ మార్లా భుజం మీద చెయ్యి వేసి తీసింది.

"అందరికీ తెలుసా?" అంది కోరా.

"వాళ్ళకి తెలుసు. నాకు తెలుసు."

"మెర్టన్‌కి ఆ ప్రొఫెసర్ ఉత్తరం చదివి వినిపించాను."

"ఆయన నిన్ను చూసి నవ్వలేదమ్మా. ఎవరూ నవ్వలేదు."

"నాన్న బోనుల్లో ఎన్ని పడ్డాయి, నిజంగా?"

కొన్ని అనబోయింది మార్లా. కొన్ని పడ్డాయి, ఒడ్డు దగ్గరివి అంతేగా, ఎవరి బోనులకైనా అంతే. ఆ మాట నోటి దాకా వచ్చింది. కోరా ఆమె కేసే చూస్తోంది, రెండేళ్ళుగా కాదు, పుట్టినప్పటి నుంచీ ఎప్పుడూ అలా చూడలేదు, అమ్మ ఏం చెబుతుందా అని కాదు, అమ్మ మొహంలో ఏముందా అని చూస్తోంది. మార్లా ఒక్కటీ లేదన్నట్టు తల అడ్డంగా ఊపింది.

కోరా ఫైలులోంచి వ్యాసం తీసింది, మళ్ళీ లోపల పెట్టేసింది. కిటికీ బయట పిల్లలు ఎవరో తడి గడ్డి మీద పరుగెత్తుతూ వెళ్ళారు.

"ఆ చోటు నేనే కదమ్మా చూపించాను," అంది.

"అవును."

"ఆ చోటు బాగుండదని నాన్నకి తెలుసా?"

ఈ ఒక్కదానికి ఏ జవాబు చెప్పినా పిల్లకి ఏదో ఒకటి మిగలదు, తండ్రి తెలివైనా, తన మాట మీద తండ్రికున్న నమ్మకమైనా. అంతలో తలుపు తెరుచుకుని డెనీస్ నకళ్ళతో వచ్చింది. యంత్రంలోంచి తీసిన కాగితాలు ఇంకా వెచ్చగా ఉన్నాయి, ఒకటి కోరా చేతికి ఇచ్చింది. ఇక దిగులుపడకండి, కాలేజీకి వస్తున్నట్టే అనుకోండి అంది. కోరా లేచి నిలబడి ఆవిడకి చెయ్యి కలిపింది, చాలా థాంక్సండీ అంది, అమ్మ నేర్పిన మర్యాద ప్రకారం, కళ్ళలోకి చూసి. తర్వాత తల్లి కోటు చెయ్యి పట్టుకుని, తెలుసు, నాన్నకి తెలుసు అంది మెల్లగా, తనలో తను అనుకుంటున్నట్టు, తెలిసే వేశాడు.